తలారి రొట్టె

1958 ఏప్రిల్లో నా భార్య రెండోసారి విధవ అయింది. నేను మాత్రం బతికే ఉన్నాను. రోజూ రెండు వందల రొట్టెలు కాలుస్తూనే ఉన్నాను.

ఒక మంగళవారం పొద్దున పదింటికి, కొట్లో జనం పల్చబడ్డాక, తోలుసంచీ భుజాన వేసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. అంత మంచి రొట్టెలు ఎదురుగా ఉంటే వాటివైపు కన్నెత్తి చూడలేదు. గల్లా దగ్గర కూర్చున్న లియోనీని చూసి టోపీ తీశాడు.

"మదాం తరాద్‌గారు మీరేనా?"

పాతికేళ్ళుగా ఆమె మదాం బోర్దా. కొట్టు తలుపు మీద బోర్దా అని ఉంది, అద్దం మీద ఉంది, రొట్టెలు చుట్టే కాగితం మీద కూడా ఉంది. పొయ్యిలోంచి రొట్టెలు తీసే చెక్కపార పట్టుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను. లియోనీ నావైపు చూడలేదు.

"ఒకప్పుడు" అంది.

ఒకప్పుడు అనడమేమిటి? కాదు అనొచ్చుగా. నాకు అక్కడే మొదలైంది మంట.

ఎలోయ్ తరాద్ అంటే మా వెర్నాక్‌లో నా వయసువాళ్ళందరికీ తెలుసు. పింగాణీ ఫ్యాక్టరీ సైరన్ మీద, పళ్ళేలకు పూలు దిద్దే ఆడపిల్లల మీద, ఆదివారం చర్చిలో కునికే పెద్దమనుషుల మీద కవిత్వం రాశాడు. ఊరిపేరూ మార్చలేదు, మనుషుల పేర్లూ మార్చలేదు. పత్రికవాళ్ళు మురికికాలవ అన్నారు. చర్చి ఫాదరు వేదిక ఎక్కి తిట్టాడు. 1930లో సెయింట్ జాన్ పండగ మంటలో వాడి పుస్తకాలు పడేశారు. పడేసింది అప్పటి మేయరు, అంటే ఇప్పటి మేయరు తండ్రి. ఆ మరుసటి చలికాలంలో ఊపిరితిత్తులు చెడి ముప్పై ఆరేళ్ళకే పోయాడు. శవం వెనక ఎనిమిదిమందిమి నడిచాం. నేను నడిచింది వాడికోసం కాదు. నల్ల కోటులో వణుకుతున్న వాడి భార్య కోసం. రెండేళ్ళు ఆగి ఆమెను పెళ్ళి చేసుకున్నాను.

వచ్చినాయన పేరు ప్రొఫెసర్ మోన్తెల్. పారిస్ నుంచి వచ్చాడు.

"ఇవాళ పారిస్‌లో కుర్రకారు ఆయన పుస్తకం కోటుజేబులో పెట్టుకుని తిరుగుతున్నారు మదాం" అన్నాడు. "సైరన్‌కి లేచి సైరన్‌కి పడుకునే మనిషిని ఆయన ముప్పై ఏళ్ళ ముందే చూశాడు. ఇప్పుడు మనమందరం ఆ మనుషులమే."

"నేను సైరన్‌కి లేవనండీ. పిండి పొంగితే లేస్తాను" అన్నాను.

నవ్వాడు. "తమరు...?"

"ఆవిడ భర్తని."

"ఓ" అన్నాడు. ఆ "ఓ" జూన్ దాకా నా చెవిలోనే ఉండిపోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా ఊళ్ళో తరాద్ కళ్ళు వారానికో చారెడు పెరిగాయి. ఒకప్పుడు వాణ్ణి గెంటేసిన కాఫీ హోటలువాడు కవిగారు కూర్చున్న మూల అంటూ ఒక బల్ల చుట్టూ తాడు కట్టాడు. ఫ్యాక్టరీవాళ్ళు సైరన్ కవిత అచ్చువేసిన పళ్ళేలు అమ్మకానికి పెట్టారు. ఆ కవితలో తిట్టింది తమనేనని వాళ్ళకి తట్టలేదో, తట్టినా ఫరవాలేదనుకున్నారో. మే నెలలో పారిస్‌లో ప్రభుత్వం కూలిపోయింది. మా మేయరుకి మాత్రం తను చేయిస్తున్న కవి విగ్రహానికి ముక్కు కుదిరిందా లేదా అన్నదే బెంగ.

అందరికంటే మాంసం కొట్టు రుఫ్ నా ప్రాణం తీశాడు. చిన్నప్పటినుంచీ స్నేహితుడు.

"ఏమోయ్ సిల్వాన్, నీ మగసవతి కులాసానా?"

"నోర్ముయ్."

"అది కాదురా, ఇంట్లో మంచం చాలుతోందా అని. ముగ్గురయ్యారు కదా."

రొట్టె తీసుకోకుండానే వాణ్ణి బయటికి గెంటాను. మధ్యాహ్నం వాడి భార్య వచ్చి తీసుకెళ్ళింది. వెళుతూ వెళుతూ ఆవిడ కూడా నవ్వింది.

ప్రొఫెసరు వారంలో రెండురోజులు మా వెనక వంటింట్లో కూర్చునేవాడు. లియోనీ చెబితే రాసుకునేవాడు. నేను పక్కగదిలో పిండి పిసుకుతూ ఒక చెవి అటు పడేసేవాణ్ణి. ఆమె గొంతు మారిపోయింది. పింగాణీ ఫ్యాక్టరీలో గులాబీలు దిద్దిన రోజుల గొంతు అది. ఎన్నడూ నాకు చెప్పని సంగతులు పరాయివాడికి చెప్పింది. తరాద్ చలికాలంలో కూడా కిటికీ తీసి పడుకునేవాడట. బూట్లకి తాళ్ళు కట్టుకోవడం రాదట. ఉల్లిపాయ వాసన పడదట.

ఆ ఉల్లిపాయ దగ్గర నా చేతులు ఆగిపోయాయి. నాకు ఉల్లిపాయ సూప్ అంటే ఇష్టం. లియోనీ పాతికేళ్ళుగా ప్రతి శుక్రవారం చేస్తోంది. ఆ శుక్రవారం గిన్నె ముందు కూర్చుని తినకుండా చూస్తున్నాను. ఇది నామీద ప్రేమతో చేస్తోందా, లేక వాడింట్లో తినలేకపోయిన కసి తీర్చుకుంటోందా? సూప్‌లో కూడా వాడే తేలుతున్నాడు.

"ఏం, ఉప్పెక్కువైందా?" అంది లియోనీ.

"సరిపోయింది."

"మరి తినవేం?"

తిన్నాను. అడగాల్సింది అడగలేదు. నాది అదే జబ్బు. నోటితో చెప్పాల్సినవన్నీ నాకు చేతుల్లోకి దిగిపోతాయి.

ఇంకొక సంగతి కూడా నన్ను తినేస్తోంది. బీరువాలో దుప్పట్ల అడుగున ఒక కాగితం ఉండేది. నాలుగు మడతలు పెట్టి, వసివాడి ఉన్న కాగితం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూశాను, తరాద్ చేతిరాత. ముట్టుకోలేదు. తన దగ్గరున్న కాగితాలన్నీ లియోనీ ప్రొఫెసరుకి ఇచ్చేసింది, ఉత్తరాలు, ఫొటోలు, మందుచీటీలతో సహా. అదొక్కటీ ఇవ్వలేదు. లోకానికి ఇవ్వనిదంటే అది ప్రేమకవితే అయ్యుంటుంది. నేను పడుకునే దుప్పట్ల కింద వాడి ప్రేమకవిత! పోనీ తీసి చదువుదామా అని రెండుసార్లు బీరువా తెరిచాను. రెండుసార్లూ మళ్ళీ మూసేశాను.

మే చివర్లో మేయరు ద్యూబ్రాక్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. లియోనీ రేగుపళ్ళ సారా పోసింది. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ అసలు సంగతికి వచ్చాడు.

"సెయింట్ జాన్ పండగ ముందు ఆదివారం విగ్రహం ఆవిష్కరిస్తున్నాం. సమాధి కూడా బాగుచేయిస్తున్నాం మదాం. గోడవార ఆ చెక్కశిలువ ఏం బావుంటుంది, పైఊళ్ళనుంచి జనం వస్తుంటే? గ్రానైటు రాయి వేయిస్తున్నాం. ఇద్దరికి సరిపడా."

"ఇద్దరెవరు?" అన్నాను.

"కవికీ, మదాంకీ. ఆలస్యంగానే లెండి, మదాం నూరేళ్ళూ ఉండాలి. పేరు మాత్రం ఇప్పుడే చెక్కిస్తే రాయి చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"మా అమ్మ పక్కన మా బోర్దాల సమాధిలో రెండు చోట్లున్నాయి మేయర్‌గారూ. ఒకటి నాకు. ఒకటి ఈవిడకి."

"నీ చోటు నీకుంది కదయ్యా సిల్వాన్. ఎవరూ తీసుకుపోవడంలేదే."

లియోనీ గ్లాసులు సర్దుతోంది. "ఆలోచించి చెబుతాను" అంది.

ఆలోచించడమట! పాతికేళ్ళు నా పక్కన పడుకున్న మనిషి, చివరికి ఎవరి పక్కన పడుకోవాలో ఆలోచించి చెబుతుందట.

మేయరు లేస్తూ నావైపు తిరిగాడు. "నీక్కూడా ఒక పని ఉందోయ్. ఆయనకి అన్నిటికంటే పేరు తెచ్చిన కవిత రొట్టె మీదే కదా. ఆ ఆదివారానికి మూడువందల చిన్న రొట్టెలు చేసిపెట్టు. బోర్లించి అమ్ముదాం. కవిగారి బోర్లా రొట్టె!"

మా వైపు రొట్టెను బోర్లా పెట్టకూడదు. పాతకాలంలో తలలు నరికే తలారికి రొట్టె అమ్మడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, అమ్మక తప్పేదీ కాదు. అందుకని వాడి రొట్టెను విడిగా, ఇంకెవరూ ముట్టుకోకుండా బోర్లించి పెట్టేవాళ్ళు. ఇప్పటికీ బల్లమీద రొట్టె బోర్లా కనబడితే పక్కనున్నవాళ్ళు గబుక్కున తిప్పేస్తారు. మా అమ్మయితే తిప్పి, దానిమీద కత్తితో శిలువ గీసి మరీ కోసేది.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. 1930 చలికాలమంతా తరాద్ రొట్టెను బోర్లించి ఇచ్చింది నేను. మా నాన్న కాదు, ఊరు కాదు. నేను, ఈ రెండు చేతులతో. ఊరికి వాడి కవిత్వం మీద కోపం. నాకు కవిత్వం గొడవే లేదు, ఒక్క ముక్క చదవలేదు. రోజూ సాయంత్రం లియోనీ వాడి చెయ్యి పట్టుకుని మా కొట్టు ముందునుంచి వెళ్ళేది. అదీ నా కోపం. ఊరంతా తిడుతోంది కనక నా కుళ్ళు ఎవరికీ కనబడలేదు. వాడు వచ్చేవాడు, బోర్లా రొట్టెను చూసేవాడు. రొట్టె లోపలిదాకా కాలిందో లేదో చూడ్డానికి మేం అడుగున వేలితో కొట్టి వింటాం. వాడూ అలాగే అడుగున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "బాగా కాలింది" అనేసి వెళ్ళిపోయేవాడు. ఒక్కరోజు కూడా నన్నేమీ అనలేదు. అందుకే నాకు ఇంకా మండేది.

ఆ కవిత ఇప్పుడు ఫ్రాన్స్ అంతటా పిల్లలకి నోటికి వచ్చు:

నా రొట్టె బోర్లా వస్తుంది.
అడుగున కొట్టి వింటాను.
లోపల ఎవరూ లేరు.
బాగా కాలింది ఈ లోకం.

జూన్ నెలంతా నేను దారి మార్చి తిరిగాను. రాళ్ళు చెక్కేవాడి పెరటి ముందునుంచి. తరాద్ రాయి అక్కడ నిలబెట్టి ఉండేది. పైన ఎలోయ్ తరాద్ అని చెక్కారు. దాని కింద నున్నగా ఖాళీ. ఒక పేరు పట్టేంత ఖాళీ. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి, పేరు ఎక్కిందా లేదా అని. నేను రోజూ వెళ్ళేది లియోనీకి తెలియదనుకున్నాను.

ఆదివారం వచ్చింది. చౌకులో విగ్రహానికి తెల్లగుడ్డ కప్పారు. పారిస్ నుంచి రెండు బస్సుల కుర్రకారు దిగారు. పక్కన బల్లమీద మూడువందల రొట్టెలు బోర్లించి పెట్టుకుని తలారికి బావమరిదిలా నేను నిలబడ్డాను. మా ముసలమ్మలు రొట్టె కొనడం, "ఏసయ్యా" అనుకుంటూ తిప్పి సంచిలో వేసుకోవడం. ప్రొఫెసరు పరిగెత్తుకొచ్చాడు.

"తిప్పకండమ్మా! బోర్లాగానే ఉంచాలి. అదే దాని అర్థం."

"అర్థం నువ్వే ఉంచుకో బాబూ, మా ఇంట్లో పిల్లలున్నారు" అంది రుఫ్ తల్లి.

నవ్వొచ్చింది. అంతలోనే ముందువరసలో ఒక కుర్చీ కనబడింది. దానిమీద అట్టముక్క, అట్టమీద మదాం తరాద్ అని అందమైన అక్షరాలు. లియోనీ బూడిదరంగు గౌనులో వచ్చి, ఆ అట్టముక్క తీసి, చేతిసంచిలో భద్రంగా పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుంది.

నాకు నవ్వు ఆగిపోయింది.

గుడ్డ లాగారు. ముక్కు కుదరలేదు. చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరు కవిత చదివి వివరించాడు. ఈ రొట్టె నేటి మనిషి అన్నాడు. పైన కరకర, లోపల డొల్ల అన్నాడు. దాన్ని బోర్లించిన చెయ్యి ఏ ఒక్కరిదీ కాదు, యంత్రాలది, డబ్బుది, కాలానిది అన్నాడు. కుర్రకారు తలలు ఊపారు. చివరికి, "ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఒక మాట చెబుతారా?" అని అడిగాడు.

ఎవరూ లేవలేదు. లియోనీ వీపు నాకు కనబడుతోంది. నిటారుగా, కదలకుండా.

"రొట్టె బోర్లించింది నేను" అన్నాను.

అందరూ ఇటు తిరిగారు.

"కాలం కాదు, యంత్రమూ కాదు. నేను. తలారికి పెట్టినట్టు చలికాలమంతా పెట్టాను. ఆయన లోపల డొల్ల అని ఎందుకు రాశాడో నాకు తెలీదు గానీ, నా రొట్టె ఎప్పుడూ డొల్లగా లేదు. అడుగున కొడితే డొల్లలాగే మోగుతుంది, బాగా కాలిన రొట్టె."

ప్రొఫెసరు బల్ల దగ్గరికి వచ్చి పిండి అంటిన నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"విన్నారా? ఊరు చేసిన తప్పు ఈ పెద్దమనిషి తన నెత్తిన వేసుకున్నాడు! నిజమే మొస్యూ. మనందరం బోర్లించినవాళ్ళమే!"

చప్పట్లు మోగిపోయాయి. విగ్రహానికి పడ్డవాటికంటే ఎక్కువ. మేయరు జేబురుమాలు తీశాడు. రుఫ్ ఈల వేశాడు. ముప్పై ఏళ్ళు దాచుకున్న తప్పు నోరు విప్పి చెబితే, దాన్ని కూడా వాడి గొప్పలో కలిపేసుకున్నారు. నా పాపం కూడా నాకు మిగల్చలేదు వాడు.

లియోనీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది. పాతికేళ్ళలో నన్ను అలా చూడలేదు.

ఇంటికి వచ్చాక వంటింట్లో ఎండ ఇంకా ఉంది. ఆమె చేతిసంచిలోంచి ఆ అట్టముక్క తీసి, చింపి, దాంతో పొయ్యి వెలిగించింది. తర్వాత గదిలోకి వెళ్ళి వచ్చింది. నా ముందు నాలుగు మడతల కాగితం పెట్టింది.

"చదువు."

"నాకెందుకు? నీకు రాసింది."

"చదవమంటున్నానా."

అదే కవిత. నాలుగు పాదాలు. కానీ కింద ఇంకో మూడు ఉన్నాయి. పుస్తకంలో లేనివి:

బోర్లించిన చెయ్యి మాత్రం
నాకంటే ఆకలిమీద ఉంది.
పాపం, దానికెవరైనా ఇంత పెట్టండి.

రెండుసార్లు చదివాను. అక్షరాలు కదులుతున్నాయి.

"మొదటిరోజే ఆ రొట్టె పట్టుకొచ్చి నవ్వాడు" అంది లియోనీ. "'నీకో సంగతి చెప్పనా, ఆ రొట్టెలకొట్టు కుర్రాడు నిన్ను ప్రేమిస్తున్నాడు' అన్నాడు. అప్పటిదాకా నీ మొహం కూడా నేను సరిగ్గా చూడలేదు సిల్వాన్. ఆ తర్వాత చూశాను."

"వాడు చెప్పాడా నీకు?"

"మరి నువ్వు చెప్పావా? పెళ్ళికి కూడా నువ్వేం అడిగావు? ఒక బుట్టెడు తీపిరొట్టెలు గుమ్మంలో పెట్టిపోయావు."

నిజమే.

"ఇది ప్రొఫెసరుకి ఎందుకివ్వలేదు?"

"మిగతాదంతా ఎలోయ్‌ది. లోకానికి ఇచ్చేశాను. ఇది నీది." కాగితం నావైపు జరిపింది. "నువ్వు అడిగినరోజు ఇద్దామనుకున్నాను. పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడైనా అడగలేదనుకో, చౌకులో నిలబడి అరిచావు."

"మరి ఆ రాయి? ఆ ఖాళీ? నీ పేరు..."

"మేయరు వచ్చివెళ్ళిన మర్నాడే వద్దని చెప్పి వచ్చాను. మీ అమ్మ పక్కన ఇరుకైనా ఫరవాలేదన్నాను."

"మర్నాడే? నెలరోజులైంది! నాకు చెప్పొద్దూ?"

"నువ్వడగలేదుగా." ఉల్లిపాయలు ముందుకు లాక్కుని తరగడం మొదలుపెట్టింది. శుక్రవారం కాదు, ఏం లేదు. "రోజూ ఆ రాయి చూడ్డానికి దారి మార్చి వెళ్ళేవాడివి కదా. నాకోసం నువ్వు అంత కుళ్ళుకుంటావని నాకేం తెలుసు? బావుంది. ఇంకొన్నాళ్ళు చూద్దామనిపించింది."

ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయలవో కావో నేను అడగలేదు. తర్వాత అడిగాను. "రెండూ" అంది.

మర్నాడు సోమవారం, కొట్టుకి సెలవు. ఒక రొట్టె గుడ్డలో చుట్టుకుని మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళాను. శనివారం తెచ్చి నిలబెట్టిన కొత్త రాయి ఎండకి మెరుస్తోంది. ఎలోయ్ తరాద్ అన్న పేరు కింద ఆ ఖాళీ అలాగే ఉంది. ఎవరో కుర్రకారు అక్కడ ఒక బోర్లా రొట్టె వదిలిపెట్టారు, పిచ్చుకలు సగం తిన్నాయి.

అబద్ధమెందుకు, అప్పుడు కూడా నాకు అసూయ పోలేదు. నా భార్య మనసు నాకంటే ముందు చదివింది వాడు. నా మనసు నాకంటే ముందు చదివిందీ వాడే. ఇప్పుడు ఊళ్ళు ఊళ్ళే వాణ్ణి చదువుతున్నాయి. వాడు మాత్రం నామీద జాలిపడి పోయాడు.

పిచ్చుకల రొట్టె పక్కకి జరిపి, నా రొట్టె గుడ్డలోంచి తీశాను. అడుగున వేలితో కొట్టి విన్నాను. బాగా కాలింది. దానిమీద మా అమ్మలాగా కత్తితో శిలువ గీసి, తిన్నగా, పైభాగం పైకి ఉండేలా రాయిమీద పెట్టాను.

చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, జీవితంలో మొదటిసారి వాడితో మాట్లాడాను.

"నిజమేనయ్యా" అన్నాను. "ఆకలేసింది."